తిమిని మింగిన తిమింగిలం

దిల్‌సుఖ్‌నగర్ వాసులకు రాయి కొత్త వస్తువు కాదు. కొత్తపేటలో ఇంటి పునాది తవ్వినా, ఎల్.బి. నగర్ దాటి బోరుబావి వేసినా, చాలచోట్ల కొద్ది లోతులోనే గ్రానైటు తగులుతుంది. ఈ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుతున్నారు. భూమి లోతుల్లో కరిగి ఉన్న శిలాద్రవం మెల్లగా చల్లారి గడ్డకట్టగా ఏర్పడిన రాయి ఇది. ఇందులో చేప ముల్లుగాని, గవ్వగాని, ఆకు జాడగాని దొరకదు. ఇది ఏర్పడిన కాలానికి భూమిమీద కంటికి కానవచ్చేంతటి చేప గాని, చెట్టుగాని పుట్టనే లేదు. కాబట్టి మన పేటలో నిలబడి ప్రాచీన సముద్రాలను గూర్చి మాట్లాడడం వింతగా కనిపించవచ్చు. అయినా ఆ ప్రసంగం నాకు ఈ పేటలోనే, నా తరగతి గదిలోనే ఎదురైనది. దానిలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని తోటి ఉపాధ్యాయుల ముందు చెప్పుకొనడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కొన్ని సంవత్సరాల క్రిందటి మాట. సముద్ర వర్ణనగల పద్యం ఒకటి పాఠం చెప్పుతూ, తిమి, తిమింగిల శబ్దాలకు అర్థం వివరించినాను. తిమి అనగా మహామత్స్యం. ఆ తిమిని మింగగలది తిమింగిలం. ఈ రెండు శబ్దాలూ అమరకోశంలోనే ఉన్నవి. తిమింగిలాన్ని సైతం మింగే తిమింగిలగిలమనే ప్రాణిని కూడ మన పూర్వులు ఊహించినారు. ఇంతవరకు చెప్పేసరికి ముందు వరుసలోని ఒక బాలిక లేచి, “తిమింగలమంటే వేల్ అని సైన్సు పుస్తకంలో ఉంది కదా సార్. వేల్ కంటె పెద్దది సముద్రంలో లేదట. మరి దాన్ని మింగేదేది?” అని అడిగినది. “అది కవుల అతిశయోక్తి” అని చెప్పి ముందుకు సాగబోయినాను.

అప్పుడు చివరి బల్లమీది కుర్రవాడు లేచినాడు. ప్రాణహిత ఒడ్డునున్న పల్లె నుంచి చదువుకొనడానికి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టలులో ఉంటున్నవాడు. మామూలుగా నోరు విప్పడు. “సార్, మా ఊరి చెలకల్ల రాయి లెక్క గట్టివడ్డ బొక్కలు దొరుకుతయి. మా అవ్వ వాటిని రాకాసి బొక్కలంటది. అవి గా తిమింగిలంవి అయితయా?” అన్నాడు.

“సముద్రం లేని ఆదిలాబాదుకు తిమింగిలం ఏ బండి ఎక్కి వచ్చిందోయ్? ఏ చచ్చిన బర్రె ఎముకలో అయి ఉంటవి” అన్నాను. తరగతి ఘొల్లుమన్నది. కుర్రవాడు కూర్చున్నాడు. ఆ తర్వాత చాల రోజులు అతడు నన్ను ఒక్క ప్రశ్న కూడ అడుగలేదు. నాకు ఆ సంగతి తోచను కూడ లేదు.

రెండు నెలలు గడిచినవి. బంధువుల పిల్లలను వెంటబెట్టుకొని హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియానికి వెళ్లినాను. అక్కడ 44 అడుగుల పొడవున నిలిచి ఉన్న రాక్షసబల్లి అస్థిపంజరం కనిపించినది. దాని పేరు కోటసారస్ యామనపల్లియెన్సిస్. దొరికిన చోటు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టి శాస్త్ర లోకానికి పరిచయం చేసినారు. కనీసం పన్నెండు జంతువులకు చెందిన ఎముకలు అక్కడ దొరికినవట. పలక మీది ఆ ఊరి పేరు చదువుతూ ఉండగా నాకు చివరి బల్లమీది కుర్రవాడు జ్ఞాపకం వచ్చినాడు. వాడి అవ్వ చెప్పిన రాకాసి బొక్కల మాట జ్ఞాపకం వచ్చినది. ముఖం వేడెక్కినది.

ఆ రాత్రి నుంచి ఈ విషయం గురించి దొరికినంతవరకు చదివినాను. ఇద్దరు పిల్లల ప్రశ్నలకూ నేను ఇచ్చిన సమాధానాలు తొందరపాటువే అని తేలినది. ఎందువల్లనో క్రమంగా చెప్పుతాను.

నాలుక రాళ్లు

ఐరోపాఖండంలో, ముఖ్యంగా మాల్టా ద్వీపంలో, త్రికోణాకారంగా నున్నగా మెరిసే రాళ్లు దొరికేవి. వాటిని నాలుక రాళ్లు అనేవారు. గ్రహణ సమయాన ఆకాశం నుంచి రాలినవని ప్రాచీన రోము పండితుడు ప్లినీ వ్రాసినాడు. పాము నాలుకలు రాయిగా మారినవని మరికొందరు నమ్మినారు. విషానికి విరుగుడని తాయెత్తులుగా ధరించినారు.

1666లో ఇటలీలోని లివోర్నో తీరాన పెద్ద సొరచేప ఒకటి జాలరులకు చిక్కినది. దాని తలను ఫ్లారెన్సుకు పంపగా, అక్కడ ఉన్న నికొలస్ స్టెనో అనే డేనిష్ వైద్యుడు కోసి పరీక్షించినాడు. సొర నోటిలోని పళ్లకూ, నాలుక రాళ్లకూ భేదం లేదని గ్రహించినాడు. 1667లో ఆ విషయం ప్రకటించినాడు. అయితే సముద్రప్రాణి పన్ను కొండలోని రాతి నడుమకు ఎట్లా చేరినది? ఆ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న బురద అయి ఉండాలి. అడుగు పొర ముందు, పై పొర తరువాత ఏర్పడి ఉండాలి. ఈ ఆలోచనతోనే స్టెనో భూగర్భశాస్త్రానికి పునాదిరాయి వేసినాడు. ఆ మహాశాస్త్రం ఒక సొరపన్ను నుంచి ఆరంభమైనదంటే అతిశయోక్తి కాదు.

పన్నే ఎందుకు మిగిలినది? సొరచేపకు మనవలె గట్టి ఎముకలు లేవు. దాని శరీరపు చట్రమంతా మృదులాస్థి. మన చెవి డొప్పలో ఉండేది అటువంటిదే. అది చచ్చిన కొద్దికాలానికే కుళ్లి నశిస్తుంది. పన్ను మాత్రం బహు గట్టిది. పైగా సొరనోట పళ్లు వరుసల మీద వరుసలుగా ఉంటవి. ముందు వరుస పన్ను ఊడితే వెనుకటిది ముందుకు జరుగుతుంది. ఒక్క సొర తన జీవితకాలంలో వేలకొలది పళ్లు రాల్చుతుంది. అవి సముద్రపు అడుగున బురదలో పూడి, ఖనిజ లవణాలను పీల్చుకొని, శిలాజాలుగా మారుతవి.

పన్ను చెప్పిన కథ

నాలుక రాళ్లలో మనిషి అరచేయంత పెద్దవి కొన్ని ఉన్నవి. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ 1843లో వాటిని వర్ణించి, ఆ సొరకు మెగలొడాన్ అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో ఆ మాటకు పెద్దపన్ను అని అర్థం. మిక్కిలి పెద్ద పన్ను ఏటవాలుగా కొలిస్తే సుమారు 18 సెంటీమీటర్లు ఉంటుంది. ఈనాటి తెల్లసొర పన్ను అందులో సగం కూడ లేదు.

మెగలొడాన్ సుమారు 2 కోట్ల 30 లక్షల సంవత్సరాల క్రిందటి నుంచి 36 లక్షల సంవత్సరాల క్రిందటి వరకు వెచ్చని సముద్రాలలో సంచరించినది. దాని పూర్తి అస్థిపంజరం ఎక్కడా దొరకలేదు. పళ్లే కాక కొన్ని వెన్నుపూసలు దొరికినవి. బెల్జియంలో దొరికిన వెన్నుపూసల వరుసలో ఒక్కొక్క పూస 15 సెంటీమీటర్ల వరకు అడ్డంగా ఉన్నది. చెట్టు మొదలులో వలయాలున్నట్లే ఈ పూసలలోనూ వలయాలుంటవి. వాటిని లెక్కించి, ఆ సొర కనీసం 46 ఏళ్లు బ్రతికినదనీ, పుట్టుకతోనే రెండు మీటర్ల పొడవున ఉండెననీ 2021లో శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. పుట్టిన పిల్లే మనిషికంటె పొడవు!

పెరిగిన సొర పొడవెంత? ఈ ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చినది. తెల్లసొరను నమూనాగా తీసుకొని చాల కాలం 15, 16 మీటర్లని చెప్పినారు. తెల్లసొర వంటి బలిష్ఠమైన ఆకారం దానికి లేదనీ, ఇంకా సన్నగా, పొడవుగా, 24 మీటర్ల వరకు ఉండి ఉండవచ్చుననీ 2025లో మరికొందరు వాదించినారు. విద్యార్థులు దీనిని చూసి, శాస్త్రానికి నిలకడ లేదని అనుకొనరాదు. కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు తీర్పు మార్చుకొనడమే శాస్త్రానికి గల ఘనత. అవధాని కూడ ఒక పాదం కుదరకపోతే దానిని వదలి మరొక పాదం ఎత్తుకొంటాడు కదా.

పన్నులోని రసాయన పదార్థాలను పరీక్షించి, మెగలొడాన్ శరీరం చుట్టూ ఉన్న నీటికంటె వెచ్చగా ఉండేదని 2023లో కనుగొన్నారు. వెచ్చని దేహం వేగంగా ఈదగలదు. అయితే దానికి ఆహారం కూడ హెచ్చుగా కావాలి. ఆ ఆహారమేది? పెరూ దేశంలో దొరికిన ప్రాచీన తిమింగలాల ఎముకల మీద ఈ సొర పంటి గాట్లు స్పష్టంగా కనిపించినవి. అప్పటి తిమింగలాలు చాలవరకు ఈనాటి నీలితిమింగలమంత పెద్దవి కావు. 8 మీటర్ల పొడవున్న జంతువును ఐదారు కాట్లతో తినివేయగల శక్తి మెగలొడాన్‌కు ఉన్నదని 2022లో లెక్కకట్టినారు.

అనగా తిమిని మింగే జంతువు నిజంగానే ఒకప్పుడు సముద్రంలో ఉండినది. ఆ బాలిక ప్రశ్నకు సమాధానం ఉన్నది. నేనే ఇవ్వలేకపోయినాను.

ఇక్కడ తెలుగు పండితుడుగా నేను ఒక మాట హెచ్చరికగా చెప్పవలసి ఉన్నది. ఈ పోలికను చూసి, మన పూర్వులు మెగలొడాన్‌ను ఎరుగుదురని ప్రచారం చేయబూనడం తగదు. మన మానవజాతి పుట్టి మూడు లక్షల సంవత్సరాలు మాత్రమే. ఆ సొర నశించి 36 లక్షల సంవత్సరాలు. ఏ కవీ దానిని చూడలేదు. చేపను చేప మింగడం మాత్రం ప్రతి తీరవాసీ చూసినదే. ఆ లోకానుభవాన్ని కవి ఊహ పెంచి పెద్దచేసినది. శాస్త్రం వేరు దారిన నడిచి పన్నును సాక్ష్యంగా తెచ్చినది. రెండు దారులూ గౌరవింపదగినవే గాని, ఒకదానిని మరొకదాని ఖాతాలో వ్రాసుకొనరాదు.

ఆ సొర ఇంకా సముద్రపు లోతుల్లో బ్రతికే ఉన్నదని సినిమాలు చూసిన పిల్లలు అడుగుతూ ఉంటారు. లేదు. ఉత్తర, దక్షిణ ధ్రువాల వైపు సముద్రాలు చల్లబడినవి. తీరపు లోతులేని నీళ్లు తరిగినవి. తిమింగలాలలో కొన్ని జాతులు నశించగా, మిగిలినవి చల్లని నీళ్ల వైపు వలసపోయినవి. కొత్తగా వచ్చిన తెల్లసొర ఆహారానికి పోటీ పడినది. ఇటువంటి కారణాలన్నీ కలిసి దాని అంతానికి దారితీసినవని శాస్త్రజ్ఞుల ఊహ. బ్రతికే ఉంటే, వేలకొలది పళ్లు రాల్చే ఆ జంతువు కొత్త పన్ను ఒక్కటైనా దొరకవలసినది. 2022లో ఆస్ట్రేలియా పరిశోధన నౌక ఇన్వెస్టిగేటర్ మన హిందూమహాసముద్రంలోనే, కోకోస్ దీవుల దగ్గర, ఐదు కిలోమీటర్లకు పైగా లోతు నుంచి వందలాది సొరపళ్లను పైకి తెచ్చినది. వాటిలో మెగలొడాన్ పూర్వజాతికి చెందిన పన్ను కూడ ఉన్నది. అవి ప్రాచీన శిలాజాలే.

మనకు దగ్గరగా

మెగలొడాన్ పళ్లు మన దేశంలోనూ దొరికినవి. ఒడిశాలో బారిపద దగ్గర బుఢాబలంగ నది గట్టున ప్రాచీన సముద్రపు పొరలు బయటపడి ఉన్నవి. వాటిలో మెగలొడాన్‌తో పాటు మరెన్నో సొరల పళ్లు ఉన్నట్లు పరిశోధకులు గుర్తించినారు. తమిళనాడులోని అరియలూరు, తిరుచ్చి ప్రాంతాల పొరలు ఇంకా ప్రాచీనమైనవి. అక్కడ టైకోడస్ అనే సొర పళ్లు దొరికినవి. ఆ పళ్లు కత్తులవలె ఉండక, సన్నెకల్లువలె బల్లపరుపుగా, గాట్లు గాట్లుగా ఉంటవి. గట్టి చిప్పలను నలిపి తినడానికి అటువంటి పన్ను కావాలి. పన్నును చూసి తిండిని చెప్పవచ్చుననడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఇక మన తెలుగునేల మాట. గోదావరి, ప్రాణహితల లోయ పొడవునా గ్రానైటు కాదు, నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుకరాయి, బంకరాయి, సున్నపురాయి ఉన్నవి. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మాలేరి పొరల వయస్సు 20 కోట్ల సంవత్సరాలకు పైమాట. అక్కడ జెనకాంథస్ అనే సొరజాతి పళ్లు దొరికినవి. సోహన్‌లాల్ జైన్ 1980లో వాటిని వర్ణించినారు. ఒక్కొక్క పంటికి రెండు కొమ్ములవలె మొనలుంటవి. చిత్రమేమంటే ఈ సొర సముద్రానిది కాదు, మంచినీటిది. ఏళ్లలో, చెరువులలో, ఊపిరితిత్తులుగల చేపలతోనూ, మొసలిని పోలిన సరీసృపాలతోనూ కలిసి బ్రతికినది. సముద్రం లేని చోట సొర ఎక్కడిదని నేను వెక్కిరించినాను. సముద్రం లేకుండానే అక్కడ సొర ఉన్నది!

మాలేరి పొరలపై కోట పొరలున్నవి. సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డునున్న కోట గ్రామం పేరే వాటికి వచ్చినది. అక్కడి సున్నపురాతిలో పొలుసులతో సహా అచ్చుపడిన చేపలు దొరికినవి. 1851లోనే ఫిలిప్ ఈజర్టన్ వాటిలో ఒకదానికి దక్కను పేరు చేర్చి లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పిలిచినాడు. బిర్లా మ్యూజియంలోని కోటసారస్, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థ వారు 1975లో రవీంద్రనాథ టాగూరు పేర వర్ణించిన బారపాసారస్ టాగోరై, ఈ పొరలలోనివే.

ఆసిఫాబాదు దగ్గర లావా పొరల నడుమ చిక్కిన మట్టిలో, సొరకు దాయాది అయిన టేకు చేప పళ్లు కనిపించినవి. 1993లో జి.వి.ఆర్. ప్రసాద్, హెన్రి కపెట్టా వాటికి ఇగ్డాబాటిస్ ఇండికస్ అని పేరు పెట్టినారు. ఆ జాతి చేపలు సముద్రానికి చెందినవి. కాబట్టి ఉప్పునీరు ఆసిఫాబాదు వరకు ఏదో పాయగా వచ్చినదా, లేక చేపలే ఏటి దారిన ఎగబ్రాకినవా అనే చర్చ సాగుతున్నది.

నిజమైన సముద్రం చూడవలెనంటే రాజమహేంద్రవరం వెళ్లాలి. గోదావరికి పడమట దుద్దుకూరు, గౌరీపట్నం ప్రాంతపు క్వారీలలో, రెండు లావా ప్రవాహాల నడుమ సున్నపురాయి పొర ఉన్నది. దానిలో సముద్రపు గవ్వలున్నవి. 1860లోనే స్టీఫెన్ హిస్లాప్ వాటిని వర్ణించినాడు. 2008లో గెర్టా కెల్లర్ బృందం ఆ పొరలో సూదిమొనంతటి సముద్రజీవుల పెంకులను పరీక్షించినది. రాక్షసబల్లులు అంతరించిన 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి సంధికాలం ఆ పొర పరిసరాలలోనే ఉన్నదని తేల్చినది. ఆ మహావినాశంలో దక్కను లావా పాత్ర ఎంత అనే ప్రశ్నకు ప్రపంచ శాస్త్రజ్ఞులు ఆ క్వారీల వైపు చూస్తున్నారు. ఆ సున్నపురాయి మన కళ్లముందే కంకరగా, సున్నంగా మారిపోయే వస్తువు కూడ.

కుర్రవాడి అవ్వ

చదివినదంతా మనసులో పెట్టుకొని ఒక శనివారం ఆ కుర్రవాణ్ణి పిలిచినాను. “నీ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం తప్పు. నలుగురిలో నవ్వించినాను, అది ఇంకా తప్పు” అన్నాను. వాడు నేల చూపులు చూస్తూ, “పర్వలేదు సార్” అన్నాడు. సోమవారంనాడు తరగతిలో అందరి ఎదుట అదే మాట మళ్లీ చెప్పినాను. నలుగురిలో చేసిన తప్పు నలుగురిలోనే దిద్దుకొనాలి. తరువాత వాణ్ణీ, ప్రశ్న అడిగిన బాలికనూ, మరి కొందరినీ బిర్లా మ్యూజియానికి తీసుకొని వెళ్లినాను.

కోటసారస్ ముందర అందరూ ఫొటోలు తీసుకొంటూ ఉంటే వాడు మాత్రం దాని తొడ ఎముకనే చాలసేపు చూస్తూ నిలిచినాడు. “గిట్లాంటి ముక్కనే సార్. మా దొడ్డి గోడల పెట్టి కట్టిన్రు” అన్నాడు. కొంతసేపటికి, “మా అవ్వకు చెప్తె నమ్మది. రాకాసిదే అని నేను ముందే చెప్పిన గద అంటది” అని నవ్వినాడు. ఆ నవ్వు కోసం నేను రెండు నెలలు ఆలస్యంగా వచ్చినాను.

వాడి దొడ్డి గోడలోనిది శిలాజమో కాదో నేను చెప్పజాలను. చెప్పవలసినవారు వేరే ఉన్నారు. వారు ఎక్కడో లేరు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దక్షిణ మండల కార్యాలయమూ, శిక్షణ సంస్థా ఎల్.బి. నగర్‌కు సమీపాననే, నాగోలు పక్కన బండ్లగూడలో ఉన్నవి. ఎన్నో ఏళ్లుగా ఆ దారిన బస్సులో పోతూ ఆ పలకను చదివి కూడ, దానికీ నా తరగతికీ సంబంధమున్నదని నాకు తోచలేదు.

కాబట్టి తోటి ఉపాధ్యాయులకు నా మనవి. విద్యార్థి ఒక రాయి తెచ్చి ఇదేమిటని అడిగితే, తెలియకపోతే తెలియదనండి. రాతిని పగులగొట్టనీయకండి, గీకనీయకండి. ఏ ఊరిలో, ఏ చెలకలో, ఏ గట్టున, ఎంత లోతున దొరికినదో విద్యార్థిచేతనే ఒక కాగితం మీద వ్రాయించండి. దొరికిన చోటు తెలియని శిలాజం చిరునామా చిరిగిన ఉత్తరం వంటిది. రాతి నడుమ ఇంకా పాతుకొని ఉంటే కదిలించక, ఫొటో తీయించి, తెలిసినవారికి చూపండి. విద్యార్థులకు కూడ ఒక మాట. అంగళ్లలో పెద్ద సొరపన్ను అని అమ్మజూపే వస్తువుకంటె, మీ ఊరి వాగు గట్టున మీరు గుర్తించిన చిన్న పొలుసు అచ్చుకే విలువ ఎక్కువ.

ఆ కుర్రవాడు సెలవులకు ఊరికి వెళ్లేటప్పుడు నా దగ్గరకు వచ్చి, కాగితం మీద ఏమేమి వ్రాయాలో మరొకసారి అడిగి వ్రాసుకొన్నాడు. చివర ఒక పంక్తి తనంతట తానే చేర్చినాడు. మొదట చూసినవారి పేరు అని. దాని ఎదురుగా తన పేరు కాదు, వాళ్ల అవ్వ పేరు వ్రాసినాడు.